వామనగుంటలు

పొద్దున ఏడింటికి ఇంక్యుబేటర్ తలుపు తీస్త.
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనం మొఖానికి తగుల్తది,
పసిపిల్ల పొట్ట మీద చెంప ఆనించినట్టు.
నయీంనగర్ నాలా మీంచి స్కూటీ మీద వచ్చిన చలిచేతులకు
రెండు జతల గ్లౌజులు.

లోపలి ఫ్లాస్కులల్ల ఒక మనిషి ఊపిరితిత్తి.
మనిషి లేడు.
ఎన్నడో, సముద్రాల అవతల, పోయిండు.
కాయితం మీద పేరు లేదు. వయసుంది: యాభై ఎనిమిది.
అయన్నీ క్యాన్సర్ కణాలు, మొండియి,
అందుకే ఇన్నేండ్లయినా సావలేదు.
హన్మకొండల నా చేతి నీళ్ళు తాగుతున్నయి
రెండు రోజులకోసారి, ఆదివారం సుత.
మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికి పోలే, వీటి కొరకు.

గాజు సామాను కడిగే ఓదెలు అడుగుతడు:
"గిది వామనగుంటల పీటనా అమ్మా?"
అసొంటిదే. తొంభై ఆరు గుంటలు.
చింతగింజలు ఉండవు,
గుంటకు పదివేల కణాలు.
ఆడేది నేనొక్కదాన్నే.

సీసాల తెల్లపొడి. జింక్ ఆక్సైడ్.
మెత్తన అనే మాట దాని కాడిదాంక పోదు.
"నీ మీసంల ఒక్క వెంట్రుకను పట్టుకొని
నిలువున రెండువేల చీలికలు చేస్తే..." అని మొదలుపెట్టిన.
"వెంట్రుకలే ఆగుతలేవు, ఇగ చీలికలా" అని నవ్విండు.
నవ్వు దగ్గయింది.
సింకు అంచు పట్టుకొని చానాసేపు నిలబడ్డడు.

బావుపేట గ్రానైటు కోతమిషన్ మీద పందొమ్మిదేండ్లు.
వయసు ఆధార్ల ఒకటి, అసలు ఒకటి.
"ఆ దుమ్ము కనవడేది బిడ్డా.
కనవడ్డదానికి తువ్వాల కట్టుకున్నం.
దీనికేం కడ్తవు?"

ఇరవై నాలుగు గంటలు.
నిన్న అవి ఒకదాన్నొకటి ఆనుకొని
బండపరుపు లెక్క పరుచుకొని ఉండె.
పొడి వచ్చి పొరను తట్టింది.
గింతంతోడు, ఏమడుగుతడు?
కణం జాగ ఇచ్చింది.
మింగి, తన పులుపు సంచిల దాచుకుంది.
పులుపుల పొడి కరిగింది.
కరిగినంక తెలిసింది
వాని అడుగు ఎంతదో.

ఇప్పుడు ముడుచుకుంటున్నయి, గుండ్రంగ.
ఒక్కొక్కటి పట్టు వదిలి తేలుతున్నది.
మా దిక్కు పానం పోయేటప్పుడు
మంచం మీది మనిషిని నేల మీదికి దించుతరు.
వీటికి నేల విడుచుడే సావు.

రంగు పోసి నాలుగు గంటలు ఆగుత.
బతికున్న కణం పసుపును వంకాయరంగు చేస్తది.
సచ్చినదానికి ఏం చేతనైతది,
పోసిన పసుపు పోసినట్టే.
గడపకు రాసే రంగు,
అమ్మ పుస్తెలతాడు రంగు,
నా పళ్ళెంల కుడిదిక్కు వరుసలన్నీ అదే.
సారు చూసి, "కర్వ్ మస్తు వచ్చింది" అన్నడు.
నిజంగనే మస్తు వచ్చింది. నేను సుత నవ్విన.

"గుంటల కణాలకు ముక్కు లేదు, చీమిడి లేదు,
దగ్గు లేదు. అందుకని
'చంపుతది' అని రాయకు,
'సూచిస్తున్నది' అని రాయి."
సరే సార్.
సూచిస్తున్నది, సూచిస్తున్నది.
కాజీపేట దిక్కు నుంచి రైలు కూత.

సింకు కాడ సీసా ఓదెలు చేతిల ఉంది.
"అది పెట్టేయి, నేను కడుగుత" అన్న.
"గిన్నొద్దులు కడిగింది నేనే గదా" అన్నడు,
మూత తీసి, బోర్లించి తట్టి,
అడుగున అంటుకున్నదాన్ని
ఉఫ్‌మని ఊది చూపించిండు,
పిల్లలకు బూరుగుదూది ఊది చూపించినట్టు.

కిటికీల నుంచి ఎండ నిలువున పడ్తున్నది.
నేను వంగి చూసిన.
అండ్ల ఏం కనవడలే.